పరిష్కర్త లేని ప్రతి: అంతర్జాల పాఠసేకరణ పద్ధతిపై ఒక ఆక్షేపణ

తెలుగు భాషాసాహిత్య పరిశోధనల్లో కొన్నేళ్లుగా ఒక కొత్త వాక్యం స్థిరపడుతున్నది. సిద్ధాంతగ్రంథంలో పరిశోధన పద్ధతి అన్న శీర్షిక కింద, పైథాన్ అనే స్క్రిప్టింగ్ భాష సాయంతో అంతర్జాలం నుంచి ఇన్ని వేల వ్యాసాలను సేకరించడం జరిగింది అన్న అర్థంలో ఒకే ఒక్క వాక్యం కనిపిస్తుంది. ఎవరు సేకరించారు, ఏ రోజున సేకరించారు, ఎన్ని పుటలు అడిగితే ఎన్ని వచ్చాయి, రానివి ఏమయ్యాయి, వచ్చిన పుటలో వ్యాసమేదో ప్రకటనేదో ఎలా తేల్చారు అన్న ప్రశ్నలకు అక్కడ చోటు లేదు. మరుసటి పుట నుంచే పట్టికలు, శాతాలు మొదలవుతాయి. తాళపత్ర ప్రతులను పరిష్కరించిన పండితుడు ‘దొరికిన ప్రతుల సాయంతో పరిష్కరించడమైనది’ అని పీఠికలో ఒక్క ముక్క రాసి ఊరుకుంటే ఏ పరీక్షకుడూ ఆ గ్రంథాన్ని గడప దాటనివ్వడు. ప్రతి ఎక్కడిది, ఎన్ని ఆకులు శిథిలమైనవి, పాఠభేదం వచ్చినచోట దేన్ని ఎందుకు స్వీకరించారు అని నిలదీస్తాడు. అంతర్జాల పాఠం విషయంలో మాత్రం అదే పరీక్షకుడు తలూపుతున్నాడు. ఈ వ్యాసం అభ్యంతరం ఆ తలూపడం మీదనే.

దీనికి వినవచ్చే సమాధానం ఒక్కటే. సేకరణ యాంత్రికమైన పని, పరిశోధన దాని తరవాత మొదలవుతుంది అన్నది ఆ సమాధానం. ఇది తప్పు. వేల పుటలను ఏకకాలంలో దించుకొని, వాటినుంచి పాఠాన్ని వేరుచేసే పనిలో అడుగడుగునా నిర్ణయాలున్నాయి. ఆ నిర్ణయాల్లో ప్రతిదీ పాఠాన్ని మారుస్తుంది. పాఠాన్ని మార్చే నిర్ణయాన్ని మన సంప్రదాయం పరిష్కరణ అన్నది. ఆ పని చేసినవాడు పరిష్కర్త. ఇవాళ ఆ పరిష్కర్త స్థానంలో ఎవరూ లేరు. ప్రోగ్రామరు తనది సాంకేతిక సహాయమే అంటాడు. పరిశోధకుడు తనది విశ్లేషణే అంటాడు. పాఠానికి దిక్కెవరు?

ఒకేసారి ఇరవై చేతులు

ముందుగా పని స్వరూపం చూడాలి. ఒక జాలపుటను అడిగి, సర్వర్ నుంచి అది వచ్చేదాకా సగటున ఒక సెకను పడుతుందనుకుందాం. ఒకదాని తరవాత ఒకటిగా 10,000 పుటలు అడిగితే 2 గంటల 47 నిమిషాలు పడుతుంది. ఆ సమయంలో కంప్యూటరు చేసేది దాదాపు ఏమీ లేదు. జవాబు కోసం ఎదురుచూడడమే. ఈ ఎదురుచూపును కలిపి చూడవచ్చునన్నది ఏకకాలిక సేకరణలోని కిటుకు. ఇరవై థ్రెడ్లు పెట్టి ఇరవై పుటలను ఒక్కసారే అడిగితే, సర్వర్ తట్టుకున్నంత వరకు, అదే పని ఎనిమిదిన్నర నిమిషాల లోపలే ముగుస్తుంది. పైథాన్‌లో ఈ సౌకర్యం 2011లో వచ్చిన 3.2 కూర్పు నుంచే ప్రామాణిక లైబ్రరీలో ఉన్నది. థ్రెడ్లు అక్కరలేకుండానే ఇదే పని చేసే ఎసింక్‌ఐఓ పద్ధతి 2014లో చేరింది.

పుటను విడదీసి పాఠాన్ని వేరుచేసే పని స్వభావం వేరు. అక్కడ ఎదురుచూపు లేదు, లెక్కింపు ఉన్నది. సాధారణ పైథాన్‌లో ఒక సమయంలో ఒక థ్రెడ్ మాత్రమే పైథాన్ ఆదేశాలను నడపగలదు. కాబట్టి విడదీసే పనికి థ్రెడ్లెన్ని పెంచినా వేగం పెరగదు, వేరువేరు ప్రాసెస్‌లు కావాలి. దించడం ఒక పని, విడదీయడం మరొక పని అన్న ఈ భేదం ప్రోగ్రామర్లకు వేగానికి సంబంధించిన విషయం. సాహిత్య పరిశోధకుడికి అంతకన్నా పెద్ద విషయం. దించిన పుటను దించినట్టే దాచి, ఆ తరవాత తీరికగా విడదీసేవాడి దగ్గర మూలప్రతి ఉంటుంది. దించుతూనే విడదీసి, పాఠం మాత్రం ఉంచుకొని పుటను పారేసేవాడు నకలు రాసుకొని తాళపత్రాన్ని పొయ్యిలో పెట్టినవాడితో సమానం. రేపు నకలులో తప్పు దొరికితే పోల్చి చూడడానికి ఏమీ మిగలదు. ఆ జాలపుట అప్పటికి మారిపోయి ఉండవచ్చు, అసలే లేకపోవచ్చు. వ్యాసాల సంఖ్యను ఘనంగా ప్రకటించే పరిశోధకుడు మూలపుటలను దాచుకున్నాడా లేదా అన్నది మౌఖిక పరీక్షలో అడగవలసిన మొదటి ప్రశ్న.

పదిమంది చేత ఒకేసారి సేకరింపజేయడం తెలుగుకు కొత్త కాదు. సి.పి. బ్రౌన్ కడపలో పండితులనూ లేఖకులనూ జీతమిచ్చి పెట్టుకొని, ఒక్కొక్క కావ్యానికి అనేక ప్రతులు తెప్పించి, పోల్చి రాయించాడు. భద్రిరాజు కృష్ణమూర్తి మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం 1962లో వెలువడింది. వ్యవసాయ పదాలను ప్రాంతాల వారీగా సేకరించి కూర్చిన గ్రంథమది. ఏ మాట ఏ ప్రాంతానిదో చెప్పకపోతే ఆ కోశానికి విలువే లేదు. చేతులు ఎక్కువైన కొద్దీ లెక్క గట్టిగా ఉండాలన్నది ఆ పనులు నేర్పిన క్రమశిక్షణ. నేటి స్క్రిప్టుకు ఇరవై చేతులున్నాయి. లెక్క రాసే చెయ్యి మాత్రం లేదు.

రానివాటి కథ

ఏకకాలిక సేకరణలో అన్ని పుటలూ రావు. కొన్ని సర్వర్లు ఆలస్యం చేస్తాయి, కొన్ని నిరాకరిస్తాయి. అడగడం మితిమీరిందని చెప్పడానికి 429 అనే సంకేతం ఉన్నది; తాత్కాలికంగా సేవ అందించలేమని చెప్పడానికి 503 ఉన్నది. కొన్ని సర్వర్లు అంత మర్యాద కూడా పాటించక, అంతా సవ్యమేనన్న 200 సంకేతంతోనే ‘కాసేపాగి ప్రయత్నించండి’ అన్న పుటను పంపుతాయి. స్క్రిప్టు దాన్ని వ్యాసమనుకొని దాచుకుంటుంది. ఇక రిక్వెస్ట్స్ అనే ప్రసిద్ధ లైబ్రరీ, గడువు చెప్పకపోతే జవాబు కోసం ఎంతసేపైనా కూర్చుంటుంది. విసిగిన ప్రోగ్రామరు అయిదు సెకన్ల గడువు పెడతాడు. గడువు దాటినవాటిని వదిలేసి ముందుకు పొమ్మని రెండు పంక్తులు రాస్తాడు. ఆ రెండు పంక్తులతో వేలాది పుటలు చప్పుడు లేకుండా రాలిపోగలవు. రాలినవాటి జాబితా ఎక్కడా నమోదు కాదు. థ్రెడ్ల పద్ధతిలో మరో చిక్కు ఉన్నది. ఒక్కొక్క పని ఫలితాన్ని విడిగా అడిగి తీసుకోకపోతే అందులో జరిగిన దోషం బయటికే రాదు. కార్యక్రమం ఏ ఫిర్యాదూ లేకుండా ముగుస్తుంది.

రాలిపోయేవి ఏవి అన్నదే అసలు ప్రశ్న. పెద్ద దినపత్రికల సర్వర్లు బలమైనవి. ఇరవై అభ్యర్థనలు వాటికి చీమకుట్టినట్టయినా ఉండదు. గడువు దాటేవి చిన్న సాహిత్య పత్రికలు, జిల్లా స్థాయి పత్రికలు, ఒకరిద్దరు ఔత్సాహికులు సొంత డబ్బుతో చౌక సర్వర్ల మీద నడిపే పత్రికలు. మాండలికంలో రాసిన కథ ఎక్కువగా ఎక్కడ దొరుకుతుంది? తెలంగాణ పలుకుబడి, ఉత్తరాంధ్ర యాస, రాయలసీమ నుడికారం దినపత్రిక వార్తలో కన్నా ఎక్కువగా ఎక్కడ బతుకుతున్నాయి? ఈ చిన్న పత్రికల్లోనే. అయిదు సెకన్ల గడువు కాబట్టి సాంకేతిక విషయం కాదు. అది భాష మీద తీర్పు. ఆ తీర్పు తరవాత తయారైన పట్టికలో ‘ప్రామాణిక’ రూపాల శాతం పెరిగి, మాండలిక రూపాల శాతం తగ్గి కనిపిస్తుంది. సర్వర్ నెమ్మదితనాన్ని పరిశోధకుడు మాండలికం క్షీణతగా చదువుతాడు. దానికి ప్రపంచీకరణ కారణమని ఒక అధ్యాయం కూడా రాస్తాడు.

ఇందులో హింస కూడా ఉన్నది. చిన్న సర్వర్ మీద ఒకేసారి యాభై అభ్యర్థనలు పడితే అది కుప్పకూలి, అసలు పాఠకుడికి పత్రిక అందకుండా పోవచ్చు. ఏ పత్రికను ప్రేమతో పరిశోధిస్తున్నామంటారో దాని గుమ్మానికే అడ్డం పడుకోవడం ఇది. న్యూస్‌పేపర్3కె అనే లైబ్రరీ ఒక్కొక్క పత్రికకు ఒకటి రెండు థ్రెడ్లే కేటాయించి, అనేక పత్రికలను సమాంతరంగా చదివే ఏర్పాటు చేసింది ఇందుకే. వికీపీడియా నిర్వాహకులు అభ్యర్థనలను వరుసగా పంపమని కోరుతారు. మొత్తం పాఠం కావాలనుకునేవారి కోసం పూర్తి ప్రతులను విడిగా ఉచితంగా ఉంచుతారు. 2003లో మొదలైన తెలుగు వికీపీడియాకూ ఆ ప్రతి లభిస్తుంది. అయినా దాన్ని వదిలి పుటపుటా గోకే స్క్రిప్టులు రాయడానికి తెలియనితనం తప్ప మరో కారణం కనబడదు. యంత్రాలు ఎక్కడికి రావచ్చో రాకూడదో చెప్పే రోబోట్స్ ఫైలు ఆచారం 1994 నాటిది. దాన్ని చదవడం కనీస మర్యాద.

వరుస తప్పిన కాలం

ఒకేసారి బయలుదేరిన పుటలు బయలుదేరిన వరుసలో తిరిగి రావు. ముందుగా వచ్చినదాన్ని ముందుగా అందించే పద్ధతి పైథాన్‌లో ఉన్నది; అడిగిన వరుసలోనే అందించే పద్ధతీ ఉన్నది. మొదటిదాన్ని వాడి, తేదీల జాబితాను మాత్రం పాత వరుసలోనే ఉంచి రెంటినీ పక్కపక్కన జతచేస్తే ఒక వ్యాసానికి మరొక వ్యాసం తేదీ అంటుకుంటుంది. ‘లాక్‌డౌన్’ వంటి మాట 2014 నాటి వ్యాసాల్లో గుంపులుగా కనిపిస్తే ఎవరైనా ఉలిక్కిపడి వెనక్కి చూస్తారు. కాని, ఒక ప్రత్యయం ఎప్పటినుంచి వాడుక తగ్గింది, ఒక అనువాద పదబంధం ఏ ఏడాది పత్రికల్లో పాదుకున్నది వంటి ప్రశ్నల్లో అలాంటి హెచ్చరిక ఉండదు. తప్పు తేదీలు సాఫీ రేఖాచిత్రంలో కలిసిపోతాయి.

దస్త్రాల పేర్లదీ ఇదే కథ. వ్యాసం శీర్షికనే ఫైలు పేరుగా పెట్టడం చాలా స్క్రిప్టుల అలవాటు. తెలుగు మాసపత్రికలో ‘సంపాదకీయం’ అన్న శీర్షిక నెలనెలా వస్తుంది. పదేళ్ల సంచికల్లోని 120 సంపాదకీయాలు ఒకే పేరుతో ఒకదాని మీద ఒకటి రాసుకుపోయి చివరికి ఒకటే మిగులుతుంది. వరుసగా దించితే మిగిలేది కనీసం చివరి సంచికది. ఏకకాలంలో దించితే మిగిలేది ఆ రోజు అందరికన్నా ఆలస్యంగా వచ్చినది. మరునాడు మళ్లీ నడిపితే మరొకటి. ‘పుస్తక సమీక్ష’, ‘లేఖలు’ వంటి శీర్షికలదీ అదే గతి. ఒక పత్రిక సంపాదక దృక్పథం మీద సిద్ధాంతం కట్టదలచినవాడికి సంపాదకీయాలే లేకుండా పోయినా, మొత్తం సంఖ్య వేలల్లో ఉండడం వల్ల ఆ లోటు కంటికి ఆనదు.

తెగిన గుణింతం

పుటను విడదీసేచోట పరిస్థితి మరింత తీవ్రం. జాలపుటల సంకేతపాఠం తరచు దోషాలతో ఉంటుంది. మూసివేయవలసిన గుర్తు మూయరు, లేని గుర్తును మూస్తారు. బ్యూటిఫుల్ సూప్ అనే లైబ్రరీ కింద మూడు వేర్వేరు విశ్లేషకాలను వాడుకోవచ్చు. చెడిన పుటను మూడూ మూడు రకాలుగా సవరిస్తాయని ఆ లైబ్రరీ పత్రాలే ఉదాహరణతో చెబుతాయి. శిథిలమైన పద్యపాదాన్ని ముగ్గురు పండితులు మూడు విధాల పూరించడానికీ దీనికీ తేడా ఏమిటి? పండితుల పేర్లు పీఠికలో ఉంటాయి. విశ్లేషకం పేరు ఏ సిద్ధాంతగ్రంథంలోనైనా ఉందా అన్నది పరీక్షకులు తమను తామే అడగాలి.

సర్వర్ అక్షరసంకేతం చెప్పకపోతే రిక్వెస్ట్స్ లైబ్రరీ పాఠాన్ని పశ్చిమ ఐరోపా సంకేతంగా భావిస్తుంది. యూటీఎఫ్-8లో తెలుగు సంకేతం ఒక్కొక్కటి మూడు బైట్లు. అందువల్ల ఆరు సంకేతాల ‘తెలుగు’ అన్న మాట 18 లాటిన్ గుర్తుల గందరగోళమవుతుంది. తెలుగు అక్షరాలు లేవు కాబట్టి తెలుగు వ్యాసం కాదని స్క్రిప్టు దాన్ని వడగడుతుంది. యూనికోడుకు ముందు సొంత ఫాంట్లతో నడిచిన పత్రికల పాత పుటలకు పట్టిన గతీ అదే. అక్కడ తెరమీద తెలుగు కనిపించినా లోపలి పాఠం లాటిన్ సంకేతాలే. అంటే తెలుగు అంతర్జాలపు తొలి దశాబ్దం చాలావరకు ఇలాంటి వలకు చిక్కదు. ఆ దశాబ్దం లేదన్న సంగతి చెప్పకుండా ‘అంతర్జాల తెలుగు వికాసం’ అని పేరు పెట్టడం సాహసమే.

అన్నిటికన్నా విచిత్రమైనది పద విభజన. పైథాన్ ప్రామాణిక లైబ్రరీలో పదాక్షరాన్ని సూచించే ఒక సంక్షిప్త గుర్తు ఉన్నది. ఇంగ్లీషు పాఠాన్ని మాటలుగా విడగొట్టడానికి పాఠ్యపుస్తకాలన్నీ దాన్నే నేర్పుతాయి. ఆ గుర్తు దృష్టిలో తెలుగు హల్లు అక్షరమే, అచ్చు అక్షరమే; గుణింతపు గుర్తు, పొల్లు అక్షరాలు కావు. ఫలితంగా ‘తెలుగు’ అన్న మాట ‘త’, ‘ల’, ‘గ’ అని మూడు ‘పదాలు’గా తెగుతుంది. ‘అమ్మ’ తెగి ‘అమ’, ‘మ’ అవుతుంది. పదాల జాబితాను ఒక్కసారి కళ్లతో చూసినవాడెవడైనా ఈ తప్పును పట్టుకోగలడు. చూడకుండా సగటు పదదైర్ఘ్యం, పదవైవిధ్య నిష్పత్తి వంటి అంకెలు మాత్రమే తీసుకున్నవాడికి అంకెలు అంకెల్లాగే కనిపిస్తాయి. తెలుగు కవుల పదసంపద ఆ అంకెల మీద తూగుతుంది. దీనికి విరుగుడు కష్టమేమీ కాదు. యూనికోడు గుణాలను పూర్తిగా గుర్తించే వేరే లైబ్రరీ ఉన్నది, తెలుగు సంకేతాల పరిధిని నేరుగా చెప్పుకొనే పద్ధతీ ఉన్నది. గుణింతం ఏమిటో తెలిసినవాడు ప్రోగ్రాము చదివితే చాలు. ‘సాఫ్ట్‌వేర్’ వంటి మాటల్లో పొల్లు తరవాత కంటికి కనబడని విభాజకం ఒక పత్రికలో ఉండి, మరొక పత్రికలో లేకపోతే ఒకే మాట రెండు మాటలుగా లెక్కకు వస్తుంది. ఐత్వం గుర్తును ఒకే సంకేతంగానూ రాయవచ్చు, ఎత్వం మీద మరొక గుర్తు చేర్చి రెండు సంకేతాలుగానూ రాయవచ్చు. సమీకరణ చేయకుండా లెక్కించినవాడికి ‘పైరు’ రెండు పంటలు.

పుటలో వ్యాసభాగం ఏదో గుర్తించే ఉపకరణాల వెనుక భాషాదృక్పథమే ఉన్నది. పైన చెప్పిన న్యూస్‌పేపర్3కె ఒక పేరాలో ఆ భాషకు చెందిన అతిసాధారణ పదాలు ఎన్ని ఉన్నాయో లెక్కించి, ఎక్కువున్నచోటే అసలు వ్యాసం ఉన్నదని నిర్ణయిస్తుంది. దాని భాషల జాబితాలో హిందీ ఉన్నది, తెలుగు లేదు. లేకపోవడం కన్నా, ఆ పద్ధతే తెలుగుకు సరిపడకపోవడం ముఖ్యం. ఇంగ్లీషులో విడివిడిగా నిలబడే చిన్న మాటలు చేసే పనిలో ఎక్కువ భాగం తెలుగులో నామానికీ క్రియకూ అతుక్కున్న ప్రత్యయాలు చేస్తాయి. ‘ఇంట్లో’, ‘రాముడికి’, ‘వస్తేగాని’ అన్న రూపాల్లో విడి మాట ఏదని లెక్కించాలి? ఆ లోటు పూడ్చడానికి ఎవరైనా ఇంగ్లీషు జాబితాను తర్జుమా చేసి పెడితే అందులో ‘మరియు’ మొదటి వరుసలో చేరుతుంది. ‘మరియు’తో నిండిన ప్రభుత్వ ప్రకటనల అనువాదం అప్పుడు అసలు తెలుగుగా ఎంపికవుతుంది, సంభాషణలతో నడిచే కథ తెలుగు కాదని వెనక్కి పోతుంది. ఇక ‘ఇవి కూడా చదవండి’ అంటూ వ్యాసం మధ్యలో దూర్చే ఇతర శీర్షికలను తొలగించకపోతే, ఆ వారం ప్రచారంలో ఉన్న సినిమా పేరు వెయ్యి వ్యాసాల్లో వెయ్యిసార్లు లెక్కకొస్తుంది. తెలుగు వికీపీడియాలో జనగణన వివరాలతో ఒకే మూసలో తయారైన గ్రామవ్యాసాలు వేలల్లో ఉన్నాయి. వాటిని గుర్తించక లెక్కపెట్టినవాడికి ‘హెక్టార్లు’ తెలుగువారి నిత్యవ్యవహార పదంగా తేలుతుంది. ఆ గ్రామవ్యాసాల ప్రయోజనం వాటికున్నది, తప్పు లెక్కించినవాడిది.

సంఖ్య సమాధానం కాదు

పాఠం లక్షల పుటలున్నప్పుడు చిన్న తప్పులు పరస్పరం కొట్టుకుపోతాయని ఒక వాదం ఉన్నది. అటూ ఇటూ సమానంగా చెదిరే తప్పుల విషయంలో అది నిజం. పైన చూపిన తప్పుల్లో ఒక్కటీ అలాంటిది కాదు. గడువు ఎప్పుడూ చిన్న పత్రికనే దాటిస్తుంది. విభజన ఎప్పుడూ గుణింతం దగ్గరే తెగుతుంది. ఫైలు పేరు ఎప్పుడూ సంపాదకీయాన్నే మింగుతుంది. ఒకే దిక్కుకు వాలే తప్పు పాఠం పెరిగిన కొద్దీ తరగదు, ఆత్మవిశ్వాసంతో మాట్లాడుతుంది.

రెండో వైపు పెద్దలున్నారు. సాహిత్యం లెక్కకు అందేది కాదు, ఈ యంత్రాల గొడవ తెలుగు శాఖకెందుకు అంటారు. వారి అనుమానంలో సగం న్యాయమున్నా, వారు తీసుకున్న మార్గం మాత్రం ఈ దుస్థితికి కారణాల్లో ఒకటి. గుణింతం, ప్రత్యయం, మాండలికం, పాఠభేదం తెలిసినవారు స్క్రిప్టును ముట్టుకోమన్నారు కాబట్టే అవి తెలియనివారి చేతిలో పాఠం తయారవుతున్నది. ఛందస్సు గణాలు కట్టి యతిస్థానం వెదకగలిగిన బుర్రకు నలభై పంక్తుల స్క్రిప్టు చదవడం అసాధ్యమని ఎలా నమ్మాలి?

సిద్ధాంతగ్రంథానికి అనుబంధంగా స్క్రిప్టు పూర్తి పాఠం ఉండాలి. అడిగిన చిరునామాల జాబితా, అడిగిన తేదీ, ప్రతి చిరునామాకు వచ్చిన సంకేతం, ఎన్నిసార్లు మళ్లీ ప్రయత్నించినదీ, చివరికి రానివి ఏవో ఉండాలి. ఏకకాలంలో ఎన్ని అభ్యర్థనలు పంపారో, గడువు ఎంతో, విశ్లేషకం ఏదో, పద విభజన ఎలా చేశారో చెప్పాలి. మూలపుటలను విడదీయకముందటి రూపంలో విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో భద్రపరచాలి. వాటిని ప్రచురించనక్కరలేదు కనుక హక్కుల చిక్కు స్వల్పం, పరిశోధన కోసం వాడుకొనే న్యాయబద్ధ వెసులుబాటును 1957 నాటి కాపీరైటు చట్టమే 52వ సెక్షన్‌లో గుర్తించింది. దించిన వాటినుంచి కనీసం వంద పుటలను యాదృచ్ఛికంగా తీసి, తెరమీది వ్యాసంతో కంటితో పోల్చి చూసి, ఎన్నిట ఏ తేడా ఉన్నదో పరిశోధకుడే రాయాలి. వంద పుటలు పోల్చడానికి రెండు మూడు రోజులు పడుతుంది. ఎనిమిదిన్నర నిమిషాల్లో దించుకొని మిగుల్చుకున్న సమయంలో అది ఇమడని పని కాదు.

రానివాటి జాబితా చేతికొచ్చాక చేయవలసిన పని ఒకటి మిగులుతుంది. అందులోని చిన్న పత్రికల సంపాదకులకు ఉత్తరం రాసి, పాత సంచికలను నేరుగా అడగాలి. పదేళ్ల సంచికలు ఒక పెన్‌డ్రైవులో ఇమిడిపోతాయి. వాటికి ఏ గడువూ లేదు.